పుట్టకముందే మొదలగు అప్పగింతలు



మూత్రపిండములనగానే రక్తములోని మలినములను వడియగట్టి నీటితో బయటికి పంపు జల్లెడలని మనకు తోచును. ఆ పని నిజమే. కాని వానికి మఱియొక పనియు గలదు. అవి కొన్ని రసములను సిద్ధపఱచి నేరుగా రక్తములోనికి విడుచును. ఇట్టి రసములకు హార్మోనులని పేరు. అవి రక్తముతో ప్రయాణము చేసి, దూరముననున్న యవయవములచేత పనిచేయించును. మూత్రపిండము విడుచు వానిలో మూడు ముఖ్యమైనవి. మొదటిది రెనిన్. దీనిని కొందఱు హార్మోననియు, కొందఱు జీర్ణరసముల జాతికి చెందిన ఎన్జైమనియు అందురు. దేహమునందలి రక్తపుపోటును, ఉప్పును, నీటిని నిలుపు క్రియ దీనితోనే ప్రారంభమగును. రెండవది ఎరిత్రోపొయిటిన్. ఇది ఎముకల లోపలి మూలుగను ప్రేరేపించి ఎఱ్ఱ రక్తకణములను పుట్టించును. మూడవది కాల్సిట్రయోల్. ఇది డి విటమినుయొక్క తుది రూపము. తిన్న యన్నములోని కాల్షియమును ప్రేగులు గ్రహించునట్లు చేయును.

తల్లి కడుపులోనున్న బిడ్డకు ఈ మూడు పనులును ఎవరు చేయుచున్నారు? బిడ్డ మూత్రపిండములు వీనిని ఎప్పుడు చేపట్టును? ఈ మాసమున దీనిని గుఱించి ముచ్చటింపదలచితిమి. శాస్త్రవిషయమని పుట త్రిప్పివేయవలదు. నెలలు నిండక పుట్టిన బిడ్డ యేల పాలిపోవును, గర్భిణి కొన్ని మాత్రలనేల మ్రింగరాదు, మంచిగడియ కొఱకు కాన్పును ముందునకు జరుపుట యేల తగదు అను మూడు ఇంటి ప్రశ్నలకును సమాధానము ఇందే యున్నది.

అవయవము ఏర్పడు విధము

గర్భమున మూత్రపిండములు ఒక్కమాఱుగా ఏర్పడవు. మూడు జతలు ఒకదాని వెనుక నొకటి పుట్టును. మొదటి జత కొలది దినములుండి యణగిపోవును. రెండవ జత కొన్ని వారములు పనిచేసి తానును తప్పుకొనును. అయిదవ వారమున మొలకెత్తు మూడవ జతయే జీవితాంతము నిలుచునది. మూడవ నెలలోనే అది కొద్దికొద్దిగా మూత్రమును చేయ నారంభించును. అయిదవ నెల నాటికి ఉమ్మనీటిలో ఎక్కువ భాగము బిడ్డ మూత్రమే. ఈ మాట విని అసహ్యపడ నక్కఱలేదు. బిడ్డ దేహమునందలి మలినములను మావి ఎప్పటికప్పుడు తల్లి రక్తములోనికి చేర్చివేయుచుండును. తల్లి మూత్రపిండములు వానిని బయటికి పంపును. కావున ఆ నీరు మనము తలంచు మూత్రము వంటిది కాదు. అది తగినంత లేనిచో బిడ్డ ఊపిరితిత్తులు చక్కగా పెరుగవు.

మూత్రపిండమునందు వడియగట్టు పని చేయు సూక్ష్మనాళికలకు నెఫ్రానులని పేరు. ఒక్కొక్క మూత్రపిండమున సగటున 10 లక్షలుండును. కాని కొందఱికి 2 లక్షలే యుండవచ్చును, మఱికొందఱికి 20 లక్షలకు మించి యుండవచ్చును. వీనిలో సగమునకు పైగా గర్భముయొక్క చివరి మూడు నెలలలోనే ఏర్పడును. 34 మొదలు 36 వారముల నాటికి ఆ నిర్మాణము ముగియును. పిమ్మట జీవితకాలమున క్రొత్త నెఫ్రాను ఒక్కటియు పుట్టదు. ముందుగా పుట్టిన బిడ్డకు బయటికి వచ్చిన తరువాతను కొన్ని వారములు ఈ నిర్మాణము సాగునుగాని, గర్భములో సాగినంత చక్కగా సాగదు.

ఈ సంఖ్యకేమి ప్రాముఖ్యమని యడుగుదురేమో. ప్రమాదములలో మరణించిన పదిమంది రక్తపుపోటు గలవారి మూత్రపిండములను, అదే యీడుగల మఱి పదిమంది ఆరోగ్యవంతుల మూత్రపిండములను జర్మనీ దేశపు వైద్యులు పోల్చి చూచి 2003వ సంవత్సరమున ప్రకటించిరి. రక్తపుపోటు గలవారికి నెఫ్రానులు ఇంచుమించు సగమే యుండెను. పరీక్షింపబడినవారు కొద్దిమందియే. అయినను నడివయస్సున కనబడు వ్యాధికి తల్లికడుపులోనే బీజము పడవచ్చునను ఊహకు ఇది బలము చేకూర్చినది.

తన్ను కట్టు హార్మోను

రెనినును 1898లో స్వీడను దేశమున, స్టాక్‌హోము నగరమందలి కరోలిన్స్కా విద్యాలయములో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అను నిరువురు కనుగొనిరి. కుందేటి మూత్రపిండముల రసమును మఱియొక కుందేటి రక్తములోనికి ఎక్కింపగా దాని రక్తపుపోటు హెచ్చినది. రెనిన్ తాను స్వయముగా పోటును పెంచదు. కాలేయము చేసి పంపిన యొక పదార్థమును అది ఖండించును. ఆ ఖండము ఇంకొక ఎన్జైము చేత మరల ఖండింపబడి ఆంజియోటెన్సిన్ అను రసమగును. రక్తనాళములను బిగించునది, ఉప్పును నిలుపుమని అధివృక్క గ్రంథులకు తెలుపునది ఈ ఆంజియోటెన్సినే.

పెద్దవారి మూత్రపిండమున రెనిన్ చేయు కణములు కొలదిచోటులనే, ప్రతి నెఫ్రాను వాకిట రక్తము ప్రవేశించు సన్నని ధమని కొననే యుండును. గర్భస్థ శిశువునందు అట్లు కాదు. మొదట అవి మూత్రపిండపు పెద్ద ధమనుల పొడవునను వ్యాపించియుండును. ధమనులు కొమ్మలు వేయుచు పెరిగినకొలది ఈ కణములు కొమ్మల కొనలకు జరుగుచు, కాన్పునాటికి చాలవఱకు తమ తమ వాకిళ్లను చేరుకొనును. తక్కినవి రెనిన్ చేయుట మాని మామూలు నాళపు గోడలో కలిసిపోవును. అయినను నేర్చిన విద్యను మఱువవు. పెద్దతనమున దేహములో ఉప్పు మిక్కిలి తగ్గినను, రక్తపుపోటు పడిపోయినను, ఆ కణములే మరల రెనిన్ చేయ నారంభించును.

చిన్నబిడ్డకు ఇంత రెనిన్ ఏలయని శాస్త్రజ్ఞులు విచారింపగా తెలిసినదేమనగా, గర్భమున ఈ హార్మోను రక్తపుపోటు కొఱకే గాక, మూత్రపిండము తాను సరిగా ఏర్పడుటకును కావలెను. ఈ క్రియకు సంబంధించిన జన్యువులు రెండు వైపులనుండియు చెడి వచ్చిన శిశువులకు నెఫ్రానులలోని యొక ముఖ్యభాగము ఏర్పడదు, మూత్రము పుట్టదు, ఉమ్మనీరుండదు, ఊపిరితిత్తులు పెరుగవు. ఏ యవయవము ఈ రసమును పుట్టించునో, ఆ యవయవమునే ఈ రసము కట్టుచున్నది.

నవజాత శిశువు రక్తమున రెనిన్ పెద్దవారికంటె మిక్కిలి హెచ్చుగా నుండి, బాల్యమున క్రమముగా తగ్గును. నెలతక్కువ బిడ్డలందు ఇది ఇంకను హెచ్చు. కాని వారి మూత్రపిండనాళికలు ఉప్పును నిలుపుమను మాటను వినుట కింకను పూర్తిగా నేర్వలేదు. అందుచే వారికి మూత్రముతో ఉప్పు ఎక్కువగా పోవుచుండును. వైద్యశాలలో అట్టి బిడ్డలను దినదినము తూచుటకును, రక్తములోని లవణములను మాటిమాటికి పరీక్షించుటకును ఇది యొక కారణము.

కాలేయము చేతినుండి మూత్రపిండము చేతికి

ఎఱ్ఱ రక్తకణములను పుట్టింపుమని ఆజ్ఞాపించు రసమొకటి రక్తమున గలదని 1906లో పారిసునందు కార్నో అను వైద్యుడును, ఆయనతో పనిచేసిన డెఫ్లాండ్ర్ అను విదుషియు చెప్పిరి. అది చాలకాలము ఊహగానే యుండెను. మూత్రపిండములు తీసివేసిన ఎలుకలందు ఆ రసము పుట్టకుండుట చూచి, దాని పుట్టినిల్లు మూత్రపిండమేయని 1957లో అమెరికాయందలి షికాగోలో జాకబ్సన్, గోల్డ్‌వాసరు మొదలగువారు నిశ్చయించిరి. రక్తహీనతతో బాధపడువారి మూత్రము 2,550 లీటర్లను జపానులో మియాకే యను వైద్యుడు సేకరించి సారము తీయగా, దానినుండి 1977లో ఈ హార్మోను శుద్ధరూపమున లభించినది.

మఱి గర్భస్థ శిశువునకో? మూత్రపిండములు బొత్తిగా లేకుండ పుట్టిన శిశువులకు పుట్టునప్పుడు రక్తము కొఱవడియుండదు. తల్లి ఎరిత్రోపొయిటిన్ మావిని దాటి బిడ్డను చేరదు. కావున బిడ్డ దేహములోనే ఇంకెవరో ఈ పని చేయుచుండవలెను. అది కాలేయమని గొఱ్ఱెలయందు జరిపిన పరీక్షలవలన జంజానీ మొదలగువారు 1977లో తెలిపిరి. గర్భమునందలి గొఱ్ఱెపిల్ల మూత్రపిండములు తీసివేసినను హార్మోను తగ్గలేదు; కాలేయమును తొలగించినచో తగ్గినది. కాన్పునకు కొంచెము ముందు ఈ పని మూత్రపిండముల వంకకు మరల నారంభించి, పుట్టిన సుమారు 40 దినములకు మాఱుట పూర్తియగునని 1981లో వారే ప్రకటించిరి. మనుష్యశిశువునందును ఇట్లే కడపటి నెలలలో మొదలై పుట్టిన తరువాత ముగియును. పెద్దవారియందు ఈ హార్మోనులో నూటికి సుమారు 90 వంతులు మూత్రపిండములదే. కాలేయమునకు మిగిలినది కొంచెమే.

పెండ్లిలో అప్పగింతలు ఒక్క గడియలో ముగియునుగాని, అత్తవారింటి తాళపుచెవులు కోడలి చేతికి వచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. ఇదియు నట్టిదే. అంతవఱకు పాత యిల్లాలివలె కాలేయమే యింటిని నడుపుచుండును.

అయితే ఈ యిరువురి స్వభావములందు భేదము గలదు. రక్తమున ప్రాణవాయువు తగ్గినచో మూత్రపిండము వెంటనే గుర్తించి హార్మోనును విశేషముగా విడుచును. కణములు ఈ తగ్గుదలను ఎట్లు గుర్తించునో కనుగొన్నందులకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అను మువ్వురికి నోబెల్ బహుమాన మిచ్చిరి. కాలేయము అంత త్వరగా గుర్తింపదు. మిక్కిలి తగ్గినగాని చలింపదు. గర్భములో ఇది చాలును. అచట ప్రాణవాయువు ఎప్పుడును తక్కువయే గనుక కాలేయము పని చేయుచునే యుండును. తల్లికి మధుమేహముండి అదుపు తప్పినను, మావి సరిగా పోషింపకున్నను, బిడ్డకు ప్రాణవాయువు ఇంకను తగ్గి హార్మోను హెచ్చును. అట్టి శిశువు కొన్నిమాఱులు రక్తకణము లధికమై మిక్కిలి ఎఱ్ఱగా పుట్టును.

పుట్టి తొలి శ్వాస తీసికొనిన వెంటనే ప్రాణవాయువు సమృద్ధియగును. ఇక రక్తకణములు తొందరగా అక్కఱలేదని హార్మోను దాదాపుగా నిలిచిపోవును. నెలలు నిండిన బిడ్డకు పుట్టునప్పుడు 16, 17 గ్రాములున్న హిమోగ్లోబిన్ రెండు మూడు నెలలకు 11కు దిగి, మూత్రపిండములు మేలుకొనగా మరల పైకి వచ్చును. ఇది వ్యాధి కాదు. నెలతక్కువ బిడ్డకు మాత్రము తగ్గుదల ముందుగా వచ్చును, లోతుగాను దిగును. 7, 8 గ్రాములకు దిగుటయు కలదు. వానికి తాళపుచెవు లింకను కాలేయముకడనే యున్నవి, కాలేయమో చలింపదు. వాని రక్తకణములకు ఆయువు తక్కువ. దేహము త్వరగా పెరుగును. పరీక్షలకు తీయు రక్తమును లెక్కకు వచ్చును.

సోదరీమణులారా, ఇచట ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. అట్టి బిడ్డ పాలిపోయినపుడు “తల్లిపాలలో సారము లేదు, తల్లి పత్యము సరిగా చేయలేదు” అని బాలింతను ఆడిపోసికొనుట మన యిండ్లలో తఱచు విందుము. ఆమె పాలలో దోషము లేదు. బిడ్డ దేహములో జరుగవలసిన అప్పగింత జరుగకముందే కాన్పు వచ్చినది, అంతియే. దుఃఖములోనున్న యామెపై నింద మోపుట అజ్ఞానమేగాక అన్యాయము కూడ. ఇంటి కషాయములు పోయక, వైద్యుడు చెప్పిన కాలమున, చెప్పిన మోతాదున ఇనుము చుక్కలు వేయుడు, తల్లిపాలే యిండు, పరీక్షలకు తప్పక తీసికొని పొండు. బిడ్డ పాలు త్రాగుటకు అలసినను, బరువు పెరుగకున్నను, ఊపిరి వేగమైనను ఆలస్యము చేయవలదు. కాన్పు సమయమున బిడ్డ చక్కగా నున్నచో, బొడ్డుత్రాడును వెంటనే కోయక ఒక నిమిషమైన ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ కొద్దిసేపటిలో మావినుండి బిడ్డకు వచ్చు రక్తము తరువాతి నెలలకు ఇనుపనిధి యగును.

తల్లి పెట్టుచున్నంతకాలము

మూడవ హార్మోను కథ చిన్నది. డి విటమినునకు తుది రూపమిచ్చునది మూత్రపిండమని 1970లో కేంబ్రిడ్జియందు ఫ్రేజరు, కోడిచెక్ అనువారు తెలిపిరి. గర్భస్థ శిశువు మూత్రపిండమునకు ఈ నేర్పు వచ్చియే యుండునుగాని, పని అల్పము. నెలలు నిండిన బిడ్డ యెముకలలో సుమారు 30 గ్రాముల కాల్షియముండును; అందులో నూటికి 80 వంతులు చివరి మూడు నెలలలోనే మావిగుండ తల్లి యిచ్చునట్టిది. ప్రేగులతో పనిలేదు గనుక కాల్సిట్రయోలుతోను అంత పనిలేదు. బొడ్డుత్రాడు తెగినంతనే ఆ దాతృత్వము ఆగును. ఒకటి రెండు దినములు బిడ్డ రక్తములో కాల్షియము తగ్గును. ఆ తగ్గుదలయే మూత్రపిండమును మేలుకొలుపును. అప్పటికి తల్లి డి విటమినును నిలువచేసి యిచ్చియుండవలెను. కావున గర్భిణి కాల్షియము మాత్రలను, ఇనుము మాత్రలను మానరాదు. రెంటిని మాత్రము ఒకే వేళ మ్రింగరాదు, ఒకటి మఱియొకదాని నడ్డగించును.

మాత్రల విషయమున జాగ్రత్త

రక్తపుపోటునకు వాడు మాత్రలలో ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ మొదలగునవి రెనిన్ పనినే అడ్డగించును. పెద్దవారికి అవి మేలైన మందులు. గర్భమున అవి బిడ్డ మూత్రపిండములను చెఱచును, ఉమ్మనీటిని తగ్గించును. నాలుగవ నెలనుండి వీనివలన అపాయము విశేషము. 1992లోనే అమెరికా ప్రభుత్వము ఈ విషయమై హెచ్చరించినది. ముప్పది దాటిన పిదప కాన్పులు, రక్తపుపోటు రెండును నేడు సామాన్యములు గనుక, ఇట్టి మాత్రలు వాడు స్త్రీ గర్భము కోరినపుడే వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. తెలియక గర్భము వచ్చినచో ఆ దినముననే వైద్యుని కలసికొనవలెను. మాథిల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ మొదలగు వేఱు మందులు గలవు. తానుగా మందుమాని యూరకుండుటయు అపాయమే.

ఐబుప్రొఫేన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు 20 వారములు నిండిన గర్భిణులు వాడరాదని 2020లో అమెరికా ప్రభుత్వము హెచ్చరించినది. బిడ్డ మూత్రపిండమునకు రక్తము చక్కగా ప్రవహించుటకు తోడ్పడు రసములను ఇవి అణచును. నడుమునొప్పికి అంగడినుండి మాత్ర తెప్పించి మ్రింగు అలవాటు మన యిండ్లలో ఉన్నది; గర్భిణి యున్న యింట దానిని మానుకొనవలెను. వైద్యుడు కోరి వ్రాసిన చిన్నమోతాదు ఆస్పిరిన్ మాత్రము వేఱు, దానిని మానరాదు.

ముహూర్తము ఎవరిది?

చివరి వారములలో బిడ్డ అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును హెచ్చుగా విడుచును. దానివలన ఊపిరితిత్తులు, కాలేయము, మూత్రపిండములు బయటి బ్రదుకునకు సిద్ధమగును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి సుమారు 61, ఆంధ్రప్రదేశమున 42 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. శస్త్రచికిత్స అనేకుల ప్రాణములను కాపాడినది. దానిని మేము నిందింపము. మేము వలదనుచున్నది, ఏ అవసరమును లేకుండ పంచాంగము చూచి కాన్పు దినమును ముందునకు లాగుట. కారణము లేనిచో 39 వారములు నిండకుండ ఇట్టి శస్త్రచికిత్స చేయరాదని వైద్యులే చెప్పుచున్నారు. ముందుగా తీసిన బిడ్డలకు ఊపిరి కష్టములు ఎక్కువ.

చరకుడు ఎనిమిదవ మాసమున ఓజస్సు తల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని చలించుచుండుననియు, అందుచే అప్పటి కాన్పు అపాయకరమనియు చెప్పెను. ఆయనకు హార్మోనులు తెలిసియుండెనని మేము వాదింపము. అది వేఱు శాస్త్రము, వేఱు భాష. కాని తల్లిబిడ్డల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ముగియకముందు తొందరపడరాదను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. జన్మకాలమును బట్టి జాతకముగాని, జాతకమును బట్టి జన్మకాలము కాదు. దైవజ్ఞులు కూడ ఇందులకు కాదనలేరని మా నమ్మకము.

తల్లికో బిడ్డకో అపాయము కలిగి, వైద్యుడు ముందుగా కాన్పు చేయవలెనన్నచో, ఆ క్షణమే మంచి ముహూర్తము. అప్పుడు వర్జ్యమని, దుర్ముహూర్తమని ఆలస్యము చేయుటయు అంతే దోషము. అట్టి అవసరము లేనపుడు, చూలాలిని ఓర్పుతో కనిపెట్టుకొనియుండుడు. అవసరము వచ్చి ముందుగా పుట్టిన బిడ్డను, కన్న తల్లిని, నిందింపక ఇంకొంత యోర్పుతో సాకుడు. మిగిలిన అప్పగింతలు మెల్లగానైనను జరుగును.